ఎన్‌ఎంఎంఎస్‌కి పది రోజులే ఉంది: నిర్వచనాలన్నీ వచ్చు, భౌతికశాస్త్రం బిట్లు మాత్రం తప్పుతున్నాయి

మిషనుకుట్టు | గురువారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంకో పది రోజుల్లో ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. ఇంట్లో బట్టలు కుట్టుకుని బతికే మాకు అది చిన్న డబ్బు కాదు.

నేను ఇంటర్ ఆర్ట్స్ దగ్గర ఆపేశాను. లెక్కలు, సోషల్ ఎలాగో కూర్చుని చెప్పగలుగుతున్నా. ఫిజిక్స్ దగ్గరే నాకు చేతకావడం లేదు. నిర్వచనం అడిగితే పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్తుంది. బిట్ ఇస్తే తప్పు పెడుతుంది. ఈ రోజు తప్పినవి మూడు:

స్థిర వేగంతో తిన్నగా పోతున్న బస్సు మీద ఫలిత బలం ఎంత? పాప "ఇంజను బలం" అని పెట్టింది. జవాబు సున్నా అని ఉంది.

భూమి మీద 12 కిలోల ద్రవ్యరాశి ఉన్న వస్తువు ద్రవ్యరాశి చంద్రుడి మీద ఎంత? 2 కిలోలు అని పెట్టింది. జవాబు 12.

అద్దంతో 30 డిగ్రీల కోణం చేస్తూ కాంతి కిరణం పడింది. పరావర్తన కోణం ఎంత? 30 పెట్టింది. జవాబు 60.

పతన కోణం, పరావర్తన కోణం సమానమని పుస్తకంలోనే ఉంది కదా, మరి 60 ఎలా అయింది? అచ్చు తప్పా? ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్తే నేను పాపకి చెప్పుకుంటాను.

గోదారిగట్టు | గురువారం, రాత్రి 9:58

బస్సు పోతుంటే బలం సున్నా అట. అయితే డీజిల్ ఎందుకండీ దండగ, తోసి వదిలేస్తే సరిపోదూ.

పాత_పీఎస్_సార్ | గురువారం, రాత్రి 10:20

అచ్చు తప్పు కాదమ్మా. మూడు జవాబులూ సరైనవే. ముప్పై ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ మూడు బిట్లూ ఏటా సగం క్లాసుని పడగొట్టేవి.

ముందు అద్దం సంగతి. పుస్తకంలో కోణాన్ని అద్దం నుంచి కొలవరు. కిరణం తాకిన చోట అద్దానికి నిట్టనిలువుగా ఒక గీత గీస్తారు, దాన్నే లంబం అంటారు. కోణం ఆ లంబం నుంచి కొలవాలి. అద్దంతో 30 అంటే లంబంతో 90 లోంచి 30 తీసేస్తే 60. పతన కోణం 60, కాబట్టి పరావర్తన కోణమూ 60. పాపకి నియమం వచ్చు, ఎక్కడి నుంచి కొలవాలో చూసుకోలేదు, అంతే. బొమ్మ గీసి లంబాన్ని చుక్కల గీతగా పెట్టడం అలవాటు చేయించండి. బొమ్మ లేకుండా ఈ బిట్ చేసినవాడు నాకు కనపడలేదు.

ఇక గోదారిగట్టు గారి డీజిల్. మీరు వెటకారంగా అన్నా మంచి ప్రశ్న. బస్సుని రోడ్డు ఘర్షణ వెనక్కి లాగుతుంది, గాలి వెనక్కి నెడుతుంది. ఇంజను వల్ల వచ్చే బలం ముందుకి. రెండూ సమానమైతే మిగిలేది సున్నా. ఆ మిగిలినదాన్నే ఫలిత బలం అంటాం. తాడులాటలో ఇటు పదిమంది, అటు పదిమంది సమానంగా లాగుతుంటే గుడ్డ ముక్క కదలదు, అలాగని ఎవరూ లాగడం లేదని కాదు కదా. డీజిల్ ఖర్చయ్యేది ఆ ఘర్షణతో పోరాడటానికే. ఫలిత బలం సున్నా అయితే ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, పోతున్నది అదే వేగంతో పోతూనే ఉంటుంది. పిల్లలు ఈ రెండో సగం మర్చిపోతారు.

చంద్రుడి సంగతి రేపు. కళ్ళు మూతలు పడుతున్నాయి.

తొమ్మిదో_బీ | శుక్రవారం, సాయంత్రం 5:10

ఆంటీ, నేను పోయినేడు రాశాను. మ్యాట్‌లో (తెలివికి పెట్టే పేపరు) 90, శాట్‌లో (పాఠాల మీద పెట్టే పేపరు) 90 బిట్లు ఉంటాయి. శాట్‌లో సైన్సువి 35, అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపే. ఏడో తరగతి పాఠాలు కూడా అడుగుతారు. చాలామంది ఎనిమిది ఒక్కటే చదివి వెళ్తారు. ఉష్ణం, చలనం ఏడులోవి ఒకసారి తిప్పమనండి.

ఇంకోటి. తప్పుకి మార్కులు కోయరు, కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు. నేను 41 రానిది వదిలేసి, 42 జవాబుని 41 గడిలో దిద్దేశాను. అక్కడి నుంచి అన్నీ ఒక గడి పైకి. 58 దగ్గర చూసుకున్నాను. ఆ టెన్షన్‌లో మిగతావి ఎలా రాశానో నాకే తెలీదు. స్కాలర్‌షిప్ రాలేదు, చెప్పుకోవడానికి ఈ కథ మిగిలింది.

మిషనుకుట్టు | శుక్రవారం, సాయంత్రం 6:02

అయ్యో తల్లీ. పాపకి నీ కథ చదివి వినిపించాను. పది పది బిట్లకి ఒకసారి నంబరు సరిచూసుకుంటానంది.

ఇంగ్లీషుమీడియం_నాన్న | శుక్రవారం, రాత్రి 8:15

నేను బెంగళూరులో ఉంటాను. మా బాబు కూడా ఎనిమిదే. తప్పుగా అనుకోకండి, అసలు సమస్య తెలుగు పదాలే. ద్రవ్యరాశి, పౌనఃపున్యం, స్థితిస్థాపకత. ఇవి పలకడానికే పిల్లలకి సగం ఓపిక అయిపోతుంది. మాస్, వెయిట్, ఫ్రీక్వెన్సీ అని నేర్పితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు ఆంధ్రాలో పుస్తకాలు కూడా ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు కదా. ఇంగ్లీషు పేజీ చదివించండి.

పాత_పీఎస్_సార్ | శుక్రవారం, రాత్రి 8:51

బాబూ, మీ అబ్బాయిని ఒకసారి "మాస్ అంటే ఏమిటి" అని అడగండి. నిఘంటువు తీయకుండా.

ఇంగ్లీషుమీడియం_నాన్న | శుక్రవారం, రాత్రి 9:04

అడిగాను. "మాస్ సినిమా" అన్నాడు. సరే మాస్టారు, ఒప్పుకుంటున్నా.

పాత_పీఎస్_సార్ | శుక్రవారం, రాత్రి 9:40

నవ్వుకున్నా కానీ సంగతి అందులోనే ఉంది. పౌనఃపున్యం లాంటి కష్టమైన మాటతో పిల్లలు తప్పు చేయరు. ఆ మాట ఇంట్లో ఎవరూ వాడరు, కాబట్టి పుస్తకంలో ఏం చెప్తే అదే నేర్చుకుంటారు. తప్పులొచ్చేది తేలిక మాటలతోనే. బలం, శక్తి, వేగం, బరువు, పని, వేడి. ఇవి పిల్ల పుట్టినప్పటి నుంచీ వింటున్నవి. ఇంట్లో ఒక అర్థం, పుస్తకంలో ఇంకో అర్థం. పరీక్ష హాల్లో తొందరలో ఇంటి అర్థమే ముందు తన్నుకొస్తుంది. ఇంగ్లీషులో చదివినా ఇంతే. ఆఫీసులో ప్రెషర్, ఒంట్లో ప్రెషర్, పొయ్యి మీద ప్రెషర్ ఒకటేనా?

చంద్రుడి బిట్ చూడండి. "బరువెంత" అంటే మనం కిలోల్లో చెప్తాం. పుస్తకం ప్రకారం కిలోల్లో చెప్పేది ద్రవ్యరాశి, అంటే వస్తువులో ఎంత పదార్థం ఉందో అది. భారం అంటే భూమి దాన్ని లాగే బలం, న్యూటన్లలో చెప్పాలి. చంద్రుడి గురుత్వం మనదాంట్లో ఆరో వంతు. అక్కడ లాగుడు తగ్గుతుంది కానీ పదార్థం తగ్గదు.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది గుర్తుందా, పిల్లలందరూ టీవీ ముందు కూర్చున్నారు. అందులోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ రోవర్ 26 కిలోలు. ఇక్కడ దాని భారం 26 × 9.8, సుమారు 255 న్యూటన్లు. అక్కడ సుమారు 42 న్యూటన్లు. 26 కిలోలు మాత్రం రెండు చోట్లా 26 కిలోలే.

కూరగాయలమ్మి పాతకాలం తక్కెడ చంద్రుడి మీదకి తీసుకెళ్తే కిలో వంకాయలకి కిలో రాయే సరిపోతుంది. రెండు పళ్ళేల్నీ చంద్రుడు సమానంగానే లాగుతాడు కదా. స్ప్రింగు త్రాసు తీసుకెళ్తే అదే కిలో వంకాయల్ని ఆరో వంతు చూపిస్తుంది. తక్కెడ ద్రవ్యరాశిని పోలుస్తుంది, స్ప్రింగు భారాన్ని కొలుస్తుంది. ఇది బిట్‌గా కూడా వస్తుంది.

గోదారిగట్టు | శుక్రవారం, రాత్రి 9:55

అంటే చంద్రుడి మీద స్ప్రింగు త్రాసుతో బంగారం కొనుక్కోవాలన్నమాట. కొనేవాడికి లాభం.

మిషనుకుట్టు | శనివారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, మీరు చెప్పిన "ఇంటి మాట, పుస్తకం మాట" పాపకి బాగా పట్టుకుంది. నోటుబుక్కు మధ్యలో గీత కొట్టి రెండు వైపులా రాస్తోంది. ఇప్పటిదాకా రాసినవి: వేగం అని ఇంట్లో అనేది పుస్తకంలో వడి, దానికి దిశ కూడా చెప్తేనే వేగం. వేడి అనేది ఒక్కోసారి ఉష్ణం, ఒక్కోసారి ఉష్ణోగ్రత. కరెంటు పోయింది అంటే పోయింది ఏమిటో ఇంకా తేల్చుకోలేదు.

ఉష్ణం, ఉష్ణోగ్రత తేడా చెప్పమంటే "ఉష్ణం శక్తి, ఉష్ణోగ్రత దాని కొలత" అంటోంది. సరైనదేనా?

తొమ్మిదో_బీ | శనివారం, మధ్యాహ్నం 2:05

సగం సరైనది ఆంటీ. మా సార్ దీపావళి ఉదాహరణ చెప్పారు. కాకరపువ్వొత్తి నుంచి రాలే రవ్వల ఉష్ణోగ్రత వేడినీళ్ళ కంటే చాలా చాలా ఎక్కువ. కానీ చేతి మీద పడ్డ ఒక్క రవ్వ చురుక్కుమని ఊరుకుంటుంది. అదే చెంబుడు మరిగే నీళ్ళు పడితే ఆసుపత్రే. రవ్వలో పదార్థం చిటికెడు కూడా లేదు, కాబట్టి అది ఇచ్చే ఉష్ణం తక్కువ. నీళ్ళ ఉష్ణోగ్రత 100 డిగ్రీలే అయినా బోలెడు ఉష్ణం ఇస్తాయి. కాబట్టి ఉష్ణోగ్రత ఎంతుందో చూసి ఉష్ణం ఎంతుందో చెప్పలేం. (రవ్వలు పట్టుకుని చూడొద్దు, కంట్లో పడతాయి.)

పాత_పీఎస్_సార్ | శనివారం, మధ్యాహ్నం 3:12

శభాష్ అమ్మాయీ. నేను చెప్పినా ఇంతకంటే బాగా చెప్పను.

మానుకోట_రైతు | శనివారం, రాత్రి 7:48

నమస్తే. మా బిడ్డది తెలంగాణ ఎనిమిదో తరగతి పుస్తకం. ఘర్షణ పాఠంలో ఒక ముచ్చట నాకు కుదుర్తలేదు. ఘర్షణ తాకే వైశాల్యం మీద ఆధారపడదని రాసిండ్రు. ఇటుకను పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా ఒకటేనట. మరి ట్రాక్టరుకు అంత వెడల్పు టైర్లు ఎందుకు పెట్టిండ్రు? దమ్ము చేసేటప్పుడు ఇనుప చక్రాలు ఎందుకు తగిలిస్తున్నం? పొలం చేసేటోనికి పుస్తకం చెప్తదా?

పాత_పీఎస్_సార్ | శనివారం, రాత్రి 8:30

అన్నా, పుస్తకంలోదీ నిజమే, మీ పొలంలోదీ నిజమే. పొలంలో వెడల్పు టైరు అసలు పని మునిగిపోకుండా చూడటం. అది ఘర్షణ పాఠం కాదు, పీడనం పాఠం. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. ట్రాక్టరు భారం మారదు. చక్రం వెడల్పయితే ఆ భారం ఎక్కువ చోట పంచుకుంటుంది, పీడనం తగ్గుతుంది, మట్టిలోకి దిగబడదు. ఇనుప చక్రం బురదని పట్టుకుని నెట్టి ముందుకి పోవడానికి కూడా పనికొస్తుంది. గట్టి నేల మీద ఇటుక లాగడం వేరు, మెత్తని బురద వేరు. పుస్తకంలోది ఎండిన, గట్టి తలాల లెక్క. రబ్బరు టైరు దానికి అచ్చంగా లొంగదు కూడా. కానీ పరీక్షలో అడిగితే వైశాల్యం మీద ఆధారపడదనే పెట్టమనండి. తలాలు ఎంత గరుకు, ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుతున్నాయి, ఈ రెండే లెక్కలోకి వస్తాయి.

మన ఆడవాళ్ళు నెత్తిన బిందె పెట్టుకునేటప్పుడు చుట్టకుదురు పెట్టుకోరూ, అదీ పీడనమే. బిందె భారం పావు కిలో కూడా తగ్గదు. తాకే చోటు పెరుగుతుంది, నెత్తి నొప్పి తగ్గుతుంది.

మానుకోట_రైతు | శనివారం, రాత్రి 8:44

మంచిగ సమజైంది సార్. రెండు పాఠాలను ఒకటి చేసుకున్న నేను.

మిషనుకుట్టు | ఆదివారం, ఉదయం 11:15

ఇది చదువుతూ నా మిషను కేసి చూశానండీ. నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఘర్షణ పాఠం మీదే కూర్చుని తొక్కుతున్నాను. షటిల్ దగ్గర ఆయిల్ వేసేది ఘర్షణ తగ్గడానికి. అదే ఆయిల్ చుక్క బెల్టు మీద పడిందా, చక్రం తిరుగుతుంది కానీ మిషను కదలదు, బెల్టు జారిపోతుంది. అంటే బెల్టుకి ఘర్షణ కావాలి. ఒకే మిషనులో ఒకచోట ఘర్షణ శత్రువు, జానెడు అవతల మిత్రుడు. సూది మొన సన్నం కాబట్టి కొంచెం నొక్కితేనే గుడ్డలో దిగుతుంది, అది పీడనం. మొన మొద్దుబారితే ఎంత తొక్కినా గుడ్డ ముడుచుకుపోతుంది.

పాపని పక్కన కూర్చోబెట్టి చూపించాను. ఘర్షణలో ఇచ్చిన పన్నెండు బిట్లలో పదకొండు చేసింది. తప్పినది దొర్లుడు ఘర్షణ, జారుడు ఘర్షణ, స్థైతిక ఘర్షణల్లో ఏది ఎక్కువ అన్నది.

తొమ్మిదో_బీ | ఆదివారం, ఉదయం 11:40

బియ్యం మూట కదిలించడం చాలా కష్టం, కదిలాక లాగడం కొంచెం తేలిక, బండి మీద వేసి తోస్తే ఇంకా తేలిక. స్థైతిక, జారుడు, దొర్లుడు. పెద్ద నుంచి చిన్నకి అదే వరస.

గోదారిగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

నేనూ ఒకటి సాయం చేస్తా. ధ్వని పాఠం. గాలిలో ధ్వని వేగంగా పోతుంది, గోడ లాంటి గట్టి వాటిలో నెమ్మదిగా పోతుంది. అందుకే తలుపేస్తే పక్కింటి టీవీ వినపడదు. రాసుకోమనండి.

పాత_పీఎస్_సార్ | ఆదివారం, మధ్యాహ్నం 12:31

రాసుకోవద్దమ్మా!

పాత_పీఎస్_సార్ | ఆదివారం, మధ్యాహ్నం 12:52

గోదారిగట్టు గారూ, మనసులో ఏమీ పెట్టుకోకండి, కానీ ఇది తిరగబడింది. ధ్వని వడి గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు, నీళ్ళలో సుమారు 1,500, ఇనుములో సుమారు 5,000. గట్టి వాటిలోనే వేగంగా పోతుంది. శూన్యంలో అసలు పోదు. తలుపేస్తే వినపడకపోవడానికి కారణం, గాలిలోంచి వచ్చిన ధ్వనిలో ఎక్కువ భాగం తలుపుకి కొట్టుకుని వెనక్కి పోవడం. ఎంత చేరిందన్నది వేరు, ఎంత త్వరగా చేరిందన్నది వేరు. పొడవాటి చెక్క బల్లకి ఒక చివర చెవి ఆనించి, అవతలి చివర గోటితో గీకమనండి. గాలిలో వినపడని గీకుడు చెక్కలోంచి స్పష్టంగా వినపడుతుంది.

గోదారిగట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:25

చేసి చూశాను. మా ఆవిడ "అన్నం తినే బల్ల మీద చెవి పెట్టి ఏం వింటున్నారు" అంది. మీరే గెలిచారు.

మిషనుకుట్టు | సోమవారం, రాత్రి 9:10

ధ్వనిలో ఇంకో రెండు తప్పాయి. కొండకి 510 మీటర్ల దూరంలో నిలబడి అరిస్తే ప్రతిధ్వని ఎన్ని సెకన్లకి వినపడుతుంది, వడి 340 అని ఇచ్చారు. పాప ఒకటిన్నర సెకను అంది. జవాబు 3. వెళ్ళిన ధ్వని తిరిగి కూడా రావాలి కదా అని నేనే చెప్పానండోయ్! ఊరికి పోను రాను బస్సు ఛార్జీ లెక్కేసినట్టే అన్నాను.

రెండోది కీచుదనం దేని మీద ఆధారపడుతుంది అని. కంపన పరిమితి అని పెట్టింది.

తొమ్మిదో_బీ | సోమవారం, రాత్రి 9:33

దోమ ఆంటీ దోమ. దోమ రొద కీచుగా ఉంటుంది కానీ పెద్దగా ఉండదు. లారీ ఇంజను పెద్దగా ఉంటుంది కానీ కీచుగా ఉండదు. కీచుదనం పౌనఃపున్యం మీద, అంటే సెకనుకి ఎన్నిసార్లు కంపిస్తుందో దాని మీద. పెద్దదనం కంపన పరిమితి మీద, అంటే ఎంత దూరం ఊగుతుందో దాని మీద. ఇంట్లో రెంటినీ "గొంతు పెంచకు" అనేస్తాం, అక్కడే చిక్కు. రెండు గళ్ళ నోటుబుక్కులో ఇది కూడా ఎక్కించమనండి.

బందరు_లడ్డు | సోమవారం, రాత్రి 10:15

చాలా రోజుల నుంచి చదవడమే కానీ రాయలేదు. విద్యుత్ పూత గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. నేను బందరు వాణ్ణి. మా చిలకలపూడి గిల్టు నగలు ఎవరికి తెలియవు. అక్కడ కొన్నాళ్ళు పూత దగ్గర పని చేశాను. పుస్తకంలో రాగి పూత ప్రయోగం ఉంటుంది, మైలతుత్తం నీళ్ళలో. "పూత వేయాల్సిన వస్తువుని ఏ ధ్రువానికి కలుపుతారు" అన్నది ఎప్పుడూ అడిగే బిట్. ఋణ ధ్రువానికి. కారణం తెలిస్తే మర్చిపోరు. నీళ్ళలో కరిగిన రాగి అయాన్లకి, అంటే ఆవేశమున్న రాగి కణాలకి, ధనావేశం ఉంటుంది, అవి ఋణ ధ్రువం వైపే పరిగెత్తుతాయి. నగ అక్కడ వేలాడుతుంటే దాని మీద కూర్చుంటాయి. ధన ధ్రువానికి కట్టిన రాగి పలక మెల్లగా అరిగిపోతూ నీళ్ళలోకి రాగిని అందిస్తూ ఉంటుంది.

మా దగ్గర వస్తువుని సరిగ్గా కడక్కపోతే, చేతి జిడ్డు అంటితే, అక్కడ పూత పట్టేది కాదు. ఒకసారి గాజుల జత మీద నా బొటనవేలి ముద్ర అచ్చంగా మిగిలిపోయింది. యజమాని ఆ గాజుల్ని గోడకి తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. బంగారు పూత ద్రావణం మాత్రం విషం. ఇంట్లో ఎవరూ అలాంటివి చేయొద్దు.

మిషనుకుట్టు | మంగళవారం, ఉదయం 6:50

అన్నయ్యా, మీ బొటనవేలు మా పాపకి నచ్చేసింది. ఇక ఋణ ధ్రువం మర్చిపోదు.

ఇంగ్లీషుమీడియం_నాన్న | మంగళవారం, రాత్రి 9:20

మా బాబు కూడా ఇది చదువుతున్నాడు. వాడికి తప్పిన బిట్ ఒకటి. ఊరికి గంటకి 40 కిలోమీటర్ల వడితో వెళ్ళి, అదే దారిలో 60తో తిరిగొస్తే సరాసరి వడి ఎంత? నేనూ 50 అన్నాను. ఇంజనీరింగ్ చదివిన వాణ్ణి, సిగ్గుపడ్డాను. జవాబు 48.

పాత_పీఎస్_సార్ | మంగళవారం, రాత్రి 9:47

ఊరు 120 కిలోమీటర్లు అనుకోండి. పోవడానికి 3 గంటలు, రావడానికి 2. మొత్తం దూరం 240, మొత్తం కాలం 5. భాగిస్తే 48. నెమ్మదిగా పోయినప్పుడు ఎక్కువ సేపు రోడ్డు మీద ఉన్నారు కదా, అందుకని సరాసరి ఆ నెమ్మది వైపుకి ఒరుగుతుంది. రెండు వడులూ కలిపి రెండుతో భాగించడం కాలాలు సమానమైతేనే కుదురుతుంది. సిగ్గెందుకు, స్టాఫ్ రూములో కూడా ఈ లెక్క మీద ఒకసారి టీ పందెం పడింది. నేనే ఓడాను, అప్పటికి కొత్త.

మానుకోట_రైతు | బుధవారం, రాత్రి 8:05

దహనం పాఠంల ఏమి చూడాలె సార్? టైం లేదు, ముఖ్యమైనవి చెప్పుండ్రి.

పాత_పీఎస్_సార్ | బుధవారం, రాత్రి 8:40

తక్కువలో చెప్తా. కాలడానికి ఇంధనం, గాలి, జ్వలన ఉష్ణోగ్రత (అంటుకోవడానికి కావాల్సినంత వేడి) మూడూ కావాలి, ఒక్కటి తీసేసినా మంట ఆరుతుంది. కాగితపు గిన్నెలో నీళ్ళు పోసి వేడి చేస్తే కాగితం కాలదు. నీళ్ళు వేడిని లాగేసుకుంటాయి, కాగితం జ్వలన ఉష్ణోగ్రతకి చేరదు. కరెంటు మంటల మీదా, నూనె మంటల మీదా నీళ్ళు పోయకూడదు. మంటలో అన్నిటికన్నా వేడి బయటి పొర. కంసాలి ఊదుగొట్టంతో ఊదేది దాన్నే. కెలోరిఫిక్ విలువలు, అంటే కిలో ఇంధనం కాలితే వచ్చే ఉష్ణం, బట్టీ పట్టాల్సిన పని లేదు, వరస తెలిస్తే చాలు. పిడక కిలోకి 6,000 నుంచి 8,000 కిలోజౌళ్ళు, కట్టె 17,000 నుంచి 22,000, కిరోసిన్ 45,000, వంటగ్యాస్ 55,000, హైడ్రోజన్ 1,50,000. అమ్మమ్మ పిడకల పొయ్యి నుంచి రాకెట్ దాకా ఒకటే వరస.

లోహాలు, అలోహాల పాఠంలో చూడాల్సినవి: సోడియం కిరోసిన్‌లో, తెల్ల భాస్వరం నీళ్ళలో దాస్తారు. ఇది తారుమారు చేస్తారు పిల్లలు. గ్రాఫైట్ అలోహమే అయినా విద్యుత్తుని పోనిస్తుంది. పాదరసం లోహమే అయినా ద్రవం. మినహాయింపులే బిట్లవుతాయి.

మిషనుకుట్టు | శనివారం, రాత్రి 8:30

రేపే పరీక్ష. రెండు రోజులుగా కొత్తది ఏమీ చదవనివ్వలేదు. రెండు గళ్ళ నోటుబుక్కు ఒక్కటే తిప్పుతోంది. హాల్ టికెట్టు, నల్ల బాల్ పెన్నులు రెండు, అట్ట అన్నీ సంచిలో పెట్టేశాం. నాకే నిద్ర పట్టేలా లేదు.

తొమ్మిదో_బీ | శనివారం, రాత్రి 8:41

ఆల్ ది బెస్ట్ చెల్లీ. 41 దగ్గర నన్ను తల్చుకో.

మిషనుకుట్టు | ఆదివారం, సాయంత్రం 4:15

రాసొచ్చింది. మ్యాట్ కష్టంగా ఉందంది. ఫిజిక్స్‌లో ఒకటో రెండో అనుమానం, మిగతావి వచ్చాయంది. 60 డిగ్రీల కోణంలో రెండు అద్దాలు పెడితే ప్రతిబింబాలు ఎన్ని అని అడిగారట. 5 పెట్టిందట. సరైనదేనా?

ఇంగ్లీషుమీడియం_నాన్న | ఆదివారం, సాయంత్రం 4:32

సరైనదే. 360ని 60తో భాగిస్తే 6, ఒకటి తీసేస్తే 5.

మిషనుకుట్టు | ఆదివారం, రాత్రి 7:50

సార్, నేను పాపని. అమ్మ ఫోన్ నుంచి రాస్తున్నా. ఇది పరీక్షలో వచ్చింది కాదు. ఇంటికొచ్చాక అమ్మ కుట్టు గదిలో ట్రయల్ అద్దానికి ఎదురుగా బీరువా అద్దం పెట్టి చూశాను. సమాంతరంగా పెడితే ప్రతిబింబాలు లెక్కలేనన్ని వస్తాయని పుస్తకంలో ఉంది. నాకు పదో పన్నెండో లెక్కపెట్టేసరికి మసకగా, పచ్చగా అయిపోతున్నాయి. ఎందుకని?

పాత_పీఎస్_సార్ | ఆదివారం, రాత్రి 8:22

ముందు నువ్వు చెప్పు తల్లీ. పచ్చ అంటే ఏ పచ్చ? పసుపుపచ్చా, ఆకుపచ్చా?

మిషనుకుట్టు | ఆదివారం, రాత్రి 8:25

అది కూడా నోటుబుక్కులో రాయాలి సార్. ఆకుపచ్చ.

పాత_పీఎస్_సార్ | ఆదివారం, రాత్రి 8:48

అద్దం తన మీద పడ్డ కాంతినంతా తిరిగి ఇవ్వదు. ప్రతిసారీ కొంత మింగేస్తుంది. పన్నెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి మిగిలేది తక్కువ, అందుకే మసక. అన్ని రంగుల్నీ సమానంగా మింగదు, ఆకుపచ్చని మిగతా వాటికంటే కొంచెం తక్కువ మింగుతుంది. ఒక్కసారికి ఆ తేడా కంటికి కనపడదు. పన్నెండుసార్లకి పోగుపడి కనపడుతోంది. మామూలు గాజులో కొద్దిగా ఇనుము కలిసి ఉండటం దీనికి ఒక కారణం. నా మాట నమ్మక్కర్లేదు. ఫ్రేము లేని గాజు ముక్క ఏదైనా ఉంటే, ఎదురుగా కాకుండా అంచు వైపు నుంచి చూడు. చెయ్యి కోసుకోకుండా. ఏ రంగులో ఉందో చెప్పు.

మిషనుకుట్టు | ఆదివారం, రాత్రి 9:03

షోకేసు అర తీసి చూశాను సార్. ఆకుపచ్చే! అమ్మ తిడుతోంది, పెట్టేస్తున్నా.